పాత మోడల్ ఫోన్‌పై భారీ డిస్కౌంట్.. ఇప్పుడే కొనాలా? ఆగాలా? విశాఖ వాసులు వేసుకోవాల్సిన లెక్క ఇదే

విశాఖపట్నం: ద్వారకానగర్ అయినా, జగదాంబ జంక్షన్ అయినా, గాజువాక మెయిన్ రోడ్డు అయినా మొబైల్ షాపు ముందు కనిపించే బోర్డు దాదాపు ఒకటే. పాత ధర మీద అడ్డగీత, దాని కింద పెద్ద అక్షరాల్లో కొత్త ధర. ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచినా అదే వరస. లాంచ్ అయినప్పుడు 80 వేలు పలికిన ఫోన్ ఇప్పుడు 50 వేలకే అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఇంతలో పక్కనున్నవాళ్లు "ఆగు, కొత్తది వస్తోంది.. ఇంకా తగ్గుద్ది" అంటారు.

మరి కొనాలా? ఆగాలా? అందరికీ సరిపోయే సమాధానం ఒకటి లేదు. కానీ అందరూ వేసుకోగలిగే లెక్క ఒకటుంది. అందులో ధర కంటే ముందు చూడాల్సింది ఒక తేదీ. ఆ తేదీ ఏంటి, డిస్కౌంట్ వెనుక ఏముంది, విశాఖలాంటి ఊళ్లో ఇంకేం చూసుకోవాలి.. వివరాలు ఇవే.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ 'పాత' ఫోన్?

షాపులో 'పాత ఫోన్' అనే మాటకు మూడు అర్థాలున్నాయి. మూడింటి ధర, వారంటీ, రిస్క్ వేరువేరు.

1. పాత మోడల్, సీల్డ్ బాక్స్: ఒకటి రెండేళ్ల కిందట విడుదలైంది కానీ ఎవరూ వాడలేదు. కంపెనీ వారంటీ మీరు కొన్న రోజు నుంచి మొదలవుతుంది.

2. ఓపెన్ బాక్స్ లేదా డిస్‌ప్లే పీస్: బాక్స్ తెరిచారు, కొద్దిగా వాడి ఉండొచ్చు. వారంటీ అప్పటికే మొదలై ఉండే అవకాశం ఉంది.

3. రీఫర్బిష్డ్ లేదా సెకండ్ హ్యాండ్: వేరేవాళ్లు వాడినది. బాగుచేసి అమ్మేది కొంత, ఉన్నది ఉన్నట్టు అమ్మేది కొంత. వారంటీ ఉంటే చాలాసార్లు అమ్మినవాళ్లు ఇచ్చేదే.

బిల్లు మీద ఏం రాస్తున్నారో డబ్బు కట్టకముందే అడగాలి. మాటల్లో 'కొత్త పీసే సార్' అని, బిల్లులో మాత్రం ఏమీ రాయకపోతే తర్వాత నిరూపించుకోవడం కష్టం.

ధర ఎప్పుడు, ఎంత తగ్గుతుంది?

కొత్త మోడల్ రాగానే పాత మోడల్ ధర తగ్గడం మామూలే. దీనికి ఐఫోన్ మంచి ఉదాహరణ. ఐఫోన్ 16 మన దేశంలో 2024 సెప్టెంబర్‌లో రూ.79,900కు వచ్చింది. 2025 సెప్టెంబర్ 9న ఐఫోన్ 17 ప్రకటించగానే 16 అధికారిక ధర రూ.69,900కు దిగింది. అదే నెల 23న మొదలైన ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్‌లో అదే ఫోన్‌ను రూ.51,999కు పెట్టారు.

అంటే కంపెనీ తగ్గించింది రూ.10 వేలు. పండగ సేల్ దానికి దాదాపు మరో 18 వేలు కలిపింది. ఇక్కడే ఒక విషయం తెలుస్తుంది. పాత మోడల్‌కు మంచి ధర దొరికేది కొత్త మోడల్ వచ్చిన రోజున కాదు.. ఆ తర్వాత వచ్చే పెద్ద సేల్‌లో.

క్యాలెండర్ కూడా గుర్తు పెట్టుకోవచ్చు. ఐఫోన్ కొత్త మోడళ్లు సెప్టెంబర్‌లో వస్తాయి. శాంసంగ్ గెలాక్సీ ఎస్ సిరీస్ ఏడాది ఆరంభంలో వస్తుంది. గూగుల్ పిక్సెల్ 9, పిక్సెల్ 10 ఆగస్టులో వచ్చాయి. సేల్స్ విషయానికొస్తే దసరా-దీపావళి సీజన్ పెద్దది. రిపబ్లిక్ డే, ఆగస్టు 15 సేల్స్ తర్వాతి వరసలో ఉంటాయి. మన దగ్గర సంక్రాంతికి షాపులు విడిగా ఆఫర్లు పెడతాయి. ఈ తేదీల్లో ఏదైనా మూడు, నాలుగు వారాల దూరంలో ఉంటే, చేతిలో ఫోన్ పనిచేస్తూ ఉంటే ఆగడంలో నష్టం లేదు.

జీఎస్టీ తగ్గుతుందేమో అని ఆగేవాళ్లూ ఉన్నారు. 2025 సెప్టెంబర్ 22న అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ రేట్లలో ఏసీలు, పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18 శాతానికి దిగాయి. మొబైల్ ఫోన్లపై మాత్రం 2020 ఏప్రిల్ నుంచి ఉన్న 18 శాతమే కొనసాగింది. అంటే పన్నుతో కలిపి రూ.20 వేలు పెట్టి కొన్న ఫోన్‌లో దాదాపు రూ.3,050 పన్నే. ఆ ఒక్క ఆశతో కొనుగోలు వాయిదా వేయడం అనవసరం.

ఆగితే కచ్చితంగా తగ్గుతుందా? ఈ మాట ఇక చెల్లదు

'ఎలక్ట్రానిక్స్ కదా, ఆగేకొద్దీ తగ్గుతాయి' అన్నది చాలా ఏళ్లు నిజమైంది. 2025 చివరి నుంచి ఈ లెక్క మారింది. ఫోన్లలో వాడే ర్యామ్, స్టోరేజ్ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన మెమరీకి డిమాండ్ ఎక్కువైంది. చిప్ కంపెనీలు ఎక్కువ లాభం వచ్చే ఆ మెమరీ వైపు మొగ్గాయి. అమెరికా కంపెనీ మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో తన 'క్రూషియల్' బ్రాండ్ కింద సాధారణ వినియోగదారులకు మెమరీ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ఈ డేటా సెంటర్ల కథ విశాఖకు దూరమేమీ కాదు. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ ప్రకటించింది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి పెడతామని చెప్పింది. ప్రపంచమంతా ఇలాంటి హబ్‌లు కడుతుంటే వాటికి కావాల్సిన మెమరీ, మన జేబులోని ఫోన్‌కు కావాల్సిన మెమరీ దాదాపు అవే ఫ్యాక్టరీల నుంచి రావాలి.

దీని ప్రభావం ఎక్కువగా పడేది తక్కువ ధర ఫోన్లపై. రూ.15 వేల ఫోన్‌లో మెమరీ ఖర్చు వాటా, లక్ష రూపాయల ఫోన్‌లో కంటే ఎక్కువ. అందుకే బడ్జెట్ ఫోన్ కొనేవాళ్లు 'వచ్చే మోడల్ ఇదే ధరకు ఇంకా బాగుంటుంది' అని గట్టిగా నమ్మడానికి లేదు. ధర పెరగొచ్చు, లేదా అదే ధరకు ర్యామ్ తగ్గొచ్చు. పాత ధరకు తయారై షాపుల్లో ఉన్న స్టాక్ మంచిదైతే దాన్ని వదులుకోవడమే నష్టం కావొచ్చు.

అసలు చూడాల్సిన తేదీ ఇదే

ఫోన్‌కు కూడా ఒక ఎక్స్‌పైరీ లాంటిది ఉంటుంది. అదే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయే తేదీ. ఇది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. చాలామంది పొరబడేది ఇక్కడే. 'ఐదేళ్ల అప్‌డేట్లు' ఉన్న మోడల్‌ను మూడేళ్ల తర్వాత కొంటే మీ చేతికి వచ్చేది రెండేళ్లే.

కొన్ని ఉదాహరణలు చూస్తే తేడా అర్థమవుతుంది.

- శాంసంగ్ గెలాక్సీ ఎస్23: 2023 ఫిబ్రవరిలో వచ్చింది. ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు. అంటే 2028 ఆరంభం వరకు.
- శాంసంగ్ గెలాక్సీ ఎస్24: 2024 జనవరిలో వచ్చింది. ఏడేళ్ల హామీ. అంటే 2031 వరకు.
- గూగుల్ పిక్సెల్ 7: 2022 అక్టోబర్. 2027 అక్టోబర్ వరకు.
- గూగుల్ పిక్సెల్ 8: 2023 అక్టోబర్. ఏడేళ్లు, అంటే 2030 అక్టోబర్ వరకు.
- శాంసంగ్ గెలాక్సీ ఏ55: 2024 మార్చి. ఐదేళ్లు, 2029 వరకు.
- శాంసంగ్ గెలాక్సీ ఏ56: 2025 మార్చి. ఆరేళ్లు, 2031 వరకు.

ఎస్23కి, ఎస్24కి విడుదలలో తేడా ఒక్క ఏడాదే. కానీ ఆయుష్షులో తేడా మూడేళ్లు! షాపులో ఎస్23 నాలుగైదు వేలు తక్కువకు వస్తోందని సంబరపడితే, ఆ నాలుగైదు వేలకు మూడేళ్ల అప్‌డేట్లు వదులుకున్నట్టే.

ఐఫోన్ విషయంలో ఇంతకుముందు జరిగింది చూసి అంచనా వేయొచ్చు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 26.. 2019 నాటి ఐఫోన్ 11కి వచ్చింది. 2018 నాటి ఎక్స్ఆర్, ఎక్స్ఎస్ మోడళ్లకు రాలేదు. అంటే ప్రధాన అప్‌డేట్లు సుమారు ఆరు, ఏడేళ్లు అందుతున్నాయన్నమాట.

నెలకు ఎంత? చిన్న లెక్క

ఫోన్ ధరను, అప్‌డేట్లు మిగిలిన నెలలతో భాగించండి. వచ్చేది నెలకు పడే ఖర్చు. ఉదాహరణకు మూడు ఫోన్లు అనుకుందాం.

- రూ.25,000 కొత్త మిడ్ రేంజ్ ఫోన్, నాలుగేళ్ల అప్‌డేట్లు మిగిలాయి: నెలకు సుమారు రూ.521.
- రూ.28,000 పాత ఫ్లాగ్‌షిప్, ఐదేళ్లు మిగిలాయి: నెలకు సుమారు రూ.467.
- రూ.18,000 బాగా పాత ఫ్లాగ్‌షిప్, ఏడాదిన్నరే మిగిలింది: నెలకు రూ.1,000.

చూడ్డానికి అన్నింటికంటే చవకగా కనిపించిన రూ.18 వేల ఫోనే అన్నింటికంటే ఖరీదైనది. అందరికంటే ఎక్కువ బిల్లు కట్టిన రూ.28 వేల ఫోన్ చివరికి చవక. మీరు చూస్తున్న ఫోన్‌కు ఈ లెక్క వేయడానికి రెండు నిమిషాలు చాలు. సాధారణంగా మూడేళ్లకే ఫోన్ మార్చేసే అలవాటుంటే 36 నెలలతోనే భాగించండి. అలాంటివాళ్లకు ఏడేళ్ల హామీతో పూర్తి ప్రయోజనం ఉండదు. కాకపోతే తిరిగి అమ్మేటప్పుడు కాస్త మంచి ధర వస్తుంది.

అప్‌డేట్లు ఆగితే ఏమవుతుంది?

ఫోన్ మర్నాడే ఆగిపోదు. కాల్స్ వెళ్తాయి, వీడియోలు ఆడతాయి. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు పడదు. ఇవాళ ఫోన్ అంటే యూపీఐ, బ్యాంకు ఖాతా, ఆధార్, జీతం మెసేజ్.. అన్నీ అందులోనే. నెల జీతం మొత్తం ఒకే ఫోన్‌లోని యాప్ ద్వారా నడిచే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది, యాప్‌లు కూడా పాత వెర్షన్లను వదిలేస్తుంటాయి. వాట్సాప్ 2025 జనవరిలో ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లలో ఆగిపోయింది. అదే ఏడాది ఐఫోన్లలో ఐఓఎస్ 15.1 లేదా ఆపై వెర్షన్ తప్పనిసరి అయ్యింది. దాంతో ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్‌లలో వాట్సాప్ పోయింది. ఏపీలో 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' ద్వారా 161 ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోనే ఇవ్వడం మొదలుపెట్టారు. కాబట్టి వాట్సాప్ పోతే కబుర్లే కాదు, సర్టిఫికెట్లు, బిల్లుల పనీ ఆగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు పాత ఫోన్ కొనిచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

'5జీ' అని రాసి ఉంటే సరిపోదు

2022 డిసెంబర్‌లో విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుమలలో జియో 5జీ మొదలైంది. జియోది స్టాండలోన్ పద్ధతి. అంటే 4జీ ఆసరా లేకుండా విడిగా నడుస్తుంది. ఎయిర్‌టెల్ మాత్రం ఉన్న 4జీ నెట్‌వర్క్‌తో కలిపి 5జీని ప్రారంభించింది. జియో 5జీ కావాలంటే ఫోన్‌లో స్టాండలోన్ సపోర్ట్ ఉండాలి.

బ్యాండ్లు కూడా చూడాలి. ఎన్78 అనేది వేగానికి ప్రధానమైన బ్యాండ్. జియో వాడే ఎన్28, అంటే 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్, గోడలు దాటి లోపలికి బాగా వస్తుంది. 2020, 2021లో వచ్చిన తొలి తరం 5జీ ఫోన్లలో కొన్నింటికి ఒకటి రెండు బ్యాండ్లే ఉన్నాయి. అలాంటి ఫోన్ కొంటే బయట రోడ్డు మీద 5జీ చూపించి, ఇంట్లోకి రాగానే 4జీకి పడిపోయే అవకాశం ఉంది. కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ల పేజీలో బ్యాండ్ల జాబితా ఉంటుంది.

ఉప్పు గాలి, ఉక్కు దుమ్ము.. బ్యాటరీ సంగతేంటి?

సీల్డ్ బాక్స్ అయినా బ్యాటరీకి వయసు ఆగదు. లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా నెమ్మదిగా సామర్థ్యం కోల్పోతుంది. వేడిలో నిల్వ ఉంటే ఇంకా త్వరగా. అందుకే బాక్స్ మీద తయారీ నెల, సంవత్సరం చూడాలి. లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం ఎంఆర్‌పీతో పాటు అది కూడా ముద్రించాల్సిందే. ఒకే మోడల్ రెండు బాక్స్‌లు ఉంటే కొత్త తేదీ ఉన్నది అడిగి తీసుకోండి.

ఐఫోన్లలో ఇంకో తేడా ఉంది. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీ 500 ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారైందని ఆపిల్ చెబుతోంది. ఐఫోన్ 15 నుంచి అది 1,000 సైకిళ్లు. 14కి, 15కి ధర దగ్గరగా ఉంటే ఈ ఒక్క కారణంతోనే 15 వైపు మొగ్గొచ్చు.

పోర్టు యార్డుల్లో, స్టీల్ ప్లాంట్ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు బ్యాటరీ ముఖ్యం, కెమెరా తర్వాత. ఫోన్‌ను 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడొద్దని ఆపిల్ సూచిస్తోంది. వేసవిలో ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో, క్యాబిన్‌లో ఫోన్ వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బొగ్గు, ఖనిజం దుమ్ము స్పీకర్ రంధ్రాల్లో, ఛార్జింగ్ పోర్టులో పేరుకుంటుంది.

ఐపీ68 అని ఉంటే ఆర్కే బీచ్‌లో అలల్లోకి తీసుకెళ్లొచ్చు అనుకోవద్దు. ఆ పరీక్షలు మంచినీళ్లలో చేస్తారు, సముద్రపు నీటిలో కాదు. పైగా వాడేకొద్దీ సీల్స్ బలహీనపడతాయి. ఒకసారి తెరిచి రిపేర్ చేసిన ఫోన్‌కు ఆ రక్షణ ఉంటుందన్న హామీ లేదు. నీళ్లు పోయి పాడైతే మామూలు వారంటీలోకి రాదు. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లేవాళ్లు ఎలాంటి ఫోన్ కొన్నా వాటర్‌ప్రూఫ్ పౌచ్ తప్పనిసరి.

డిస్కౌంట్‌లో దాగిన లెక్కలు

బోర్డు మీద '40 శాతం తగ్గింపు' అని ఉంటే అది దేని మీద తగ్గింపో చూడండి. బాక్స్ మీది ఎంఆర్‌పీ సాధారణంగా అసలు అమ్మకపు ధర కంటే ఎక్కువే ఉంటుంది. పోల్చాల్సింది గత రెండు మూడు నెలల్లో అదే ఫోన్ ఎంతకు అమ్ముడైందన్న దానితో.

యాప్‌లో కనిపించే అతి తక్కువ ధరలో చాలాసార్లు బ్యాంకు కార్డు ఆఫర్, ఎక్స్ఛేంజ్ బోనస్ కలిసి ఉంటాయి. ఆ కార్డు లేకపోతే ఆ ధర మీది కాదు. ఎక్స్ఛేంజ్ విలువ కూడా పాత ఫోన్‌ను చేత్తో చూశాక తగ్గించే వీలుంది.

'నో కాస్ట్ ఈఎంఐ'లోనూ కొంత ఖర్చు ఉంటుంది. వడ్డీ మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా చూపిస్తారు. కానీ ఆ వడ్డీ మీద బ్యాంకు వేసే 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. వడ్డీ రూ.2,000 అయితే జీఎస్టీ రూ.360. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. షాపులో 'మొత్తం కలిపి నా చేతి నుంచి ఎంత పోతుంది?' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

సెకండ్ హ్యాండ్ అయితే ఈ పరీక్షలు తప్పనిసరి

1. *#06# డయల్ చేస్తే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. బాక్స్ మీద, బిల్లు మీద అదే ఉందో లేదో చూడండి.

2. ఇంగ్లీష్ అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వేసి 14422కి ఎస్ఎంఎస్ చేయండి. ఫోన్ ఏ మోడల్, బ్లాక్ అయ్యిందా లేదా తెలుస్తుంది. సంచార్ సాథీ యాప్‌లో కూడా ఇదే చూడొచ్చు.

3. పాత యజమాని గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ తీసేశారో లేదో మీ ముందే రీసెట్ చేయించి చూడండి. అకౌంట్ లాక్ ఉండిపోతే ఆ ఫోన్ మీకు పనికిరాదు.

4. బ్యాటరీ హెల్త్, ఛార్జింగ్ పోర్టు, రెండు సిమ్‌లు, మైక్, స్పీకర్ అక్కడికక్కడే చూసుకోండి.

ఎవరైనా పోగొట్టుకున్న ఫోన్ సీఈఐఆర్‌లో బ్లాక్ చేయిస్తే అది దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. మీరు పెట్టిన డబ్బు పోవడమే కాదు, పోలీసులకు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. ఐఎంఈఐ మార్చడం నేరం. టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. 'బిల్లు లేదు, అందుకే తక్కువకు ఇస్తున్నా' అనే ఫోన్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మోసపోతే ఎక్కడికి వెళ్లాలి?

కొత్తదని చెప్పి వాడిన ఫోన్ ఇచ్చినా, వారంటీ నిరాకరించినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫిర్యాదు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో నకిలీ సైట్‌కు డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి. అన్నింటికీ ఆధారం బిల్లే. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

చివరిగా.. ఎవరు కొనాలి? ఎవరు ఆగాలి?

ఇప్పుడే కొనొచ్చు:
- చేతిలో ఫోన్ పాడై, పని ఆగిపోతున్నవాళ్లు. డెలివరీ, క్యాబ్, ఆటో నడిపేవాళ్లకు ఫోన్ లేని ఒక్కో రోజూ సంపాదన పోయినట్టే.
- చూస్తున్న పాత మోడల్‌కు కనీసం మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు మిగిలి ఉంటే.
- బడ్జెట్ రూ.20 వేల లోపు ఉండి, మంచి పాత స్టాక్ దొరుకుతుంటే.

ఆగడం మేలు:
- ఇప్పుడున్న ఫోన్ బాగానే ఉండి, బ్యాటరీ ఒక్కటే సమస్య అయితే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పిస్తే ఇంకో ఏడాది, రెండేళ్లు నడుస్తుంది. కానీ ఆ ఫోన్‌కు అప్‌డేట్లు ఇంకా వస్తుండాలి.
- మీకు కావాల్సిన సిరీస్‌లో కొత్త మోడల్ లేదా పెద్ద సేల్ నెల రోజుల్లో ఉంటే.
- చూస్తున్న ఫోన్‌కు రెండేళ్ల కంటే తక్కువ అప్‌డేట్లు మిగిలి ఉంటే. అది ఎంత తక్కువకు ఇచ్చినా సరే.

షాపు మెట్లెక్కే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఆ మోడల్ అప్‌డేట్లు ఆగిపోయే తేదీ, నెలకు పడే ఖర్చు, అన్నీ కలిపి చేతి నుంచి పోయే మొత్తం. ఈ మూడూ మీకు సరిపోతే బోర్డు మీద డిస్కౌంట్ 40 శాతమా, 10 శాతమా అన్నది పెద్ద విషయం కాదు.